డమరుకం బొమ్మ చూసి వాల్వు పెట్టేయొచ్చా?

నాలుగేళ్ల కిందటి మాట. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు టవరు, దాని రెండో బేస్‌మెంటులో ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే చిల్లర్ ప్లాంటు రూము. నిచ్చెన ఎక్కి నిలబడ్డ ఫోర్‌మన్ 200 ఎంఎం బటర్‌ఫ్లై వాల్వు చక్రం తిప్పుతున్నాడు. సగం తిరిగి ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పాడు. లోపలెక్కడో ఇనుముకి ఇనుము తగిలి టంగుమంది. ఆయనది శ్రీకాకుళం. కిందకి చూసి, "ఇదేటమ్మా, మన తలుపు తీత్తే పక్కింటోడి తలుపుకి తగుల్తంది" అన్నాడు.

ఆ తప్పుని అంతకన్నా బాగా నేను ఇప్పటికీ చెప్పలేను. బటర్‌ఫ్లై వాల్వు లోపల ఉండేది ఒక పళ్లెం. మూస్తే పైపుకి అడ్డంగా నిలుస్తుంది, తెరిస్తే తొంభై డిగ్రీలు తిరిగి నీళ్లు పోయే దిక్కుకి సర్దుకుంటుంది. ఆ సైజులో వేఫర్ రకం బాడీ మందం 60 ఎంఎం. పళ్లెం వ్యాసం 200కి కాస్త తక్కువ. అంటే పూర్తిగా తెరిచినప్పుడు పళ్లెం బాడీలోంచి అటు దాదాపు డెబ్భై, ఇటు దాదాపు డెబ్భై ఎంఎం బయటికి పొడుచుకొస్తుంది. సరిగ్గా దానికి ఆనుకుని, మధ్యలో పైపు ముక్క కూడా లేకుండా, కింద ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు, ఉంది. అది డ్యూయల్ ప్లేట్ రకం. లోపల రెండు అర్ధచంద్రాకారపు రేకులుంటాయి, నీళ్లు తోస్తే పైకి విచ్చుకుంటాయి. ఇద్దరి తలుపులూ ఒకే సందులోకి తెరుచుకుంటున్నాయి.

అలా బిగించమని చెప్పింది మోడల్, అంటే కట్టకముందే కంప్యూటర్లో తయారుచేసే 3డీ నమూనా. ఆ మోడల్ మాది. నాలుగు పంపులకీ అదే వరస.

కన్సల్టెంటు పంపిన స్కీమాటిక్‌లో, అంటే వరస చూపించే గీతల బొమ్మలో, తప్పేమీ లేదు. పంపు, ఫ్లెక్సిబుల్ కనెక్టరు, ఎన్‌ఆర్‌వీ, ఐసొలేషన్ వాల్వు. పాఠ్యపుస్తకంలో ఉండే వరసే. ఆ గీతలో రెండు గుర్తులూ పక్కపక్కన ఉన్నాయి, ఎందుకంటే కాగితం మీద అంతే చోటుంది. మా జూనియర్ ఆ రెండు గుర్తులకీ రెండు కాంపోనెంట్లు జత చేసింది, సాఫ్ట్‌వేర్ వాటిని ఒకదానికొకటి తగిలించింది, ఏ వస్తువు దేనికి తగులుతోందో చెప్పే క్లాష్ రిపోర్టు సున్నా చూపించింది. సున్నా కాక ఏమొస్తుంది? ఆ కాంపోనెంట్ల బొమ్మల్లో పళ్లెం మూసిన భంగిమలో గీసుంది, రేకులైతే అసలు గీసే లేవు. చెక్ చేసి సంతకం పెట్టింది నేను.

తర్వాత జరిగిన మీటింగులో తిలాపాపం తలా పిడికెడు. కన్సల్టెంటు "నేను వరస చూపించాను, దూరం కాదు" అన్నాడు. కాంట్రాక్టరు "అప్రూవ్ అయిన మోడల్ ప్రకారమే చేశాం" అన్నాడు. వాల్వు అమ్మినవాడు కేటలాగు తెరిచి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న హెచ్చరిక చూపించాడు. మా ఆఫీసు వైపు నుంచి వచ్చిన జవాబు: "మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ చేసిందండీ." చివరికి మధ్యలో స్పూల్ పీసులు, అంటే పొట్టి పైపు ముక్కలు, పెట్టారు. వాటి కోసం పైన హెడర్ అనే పెద్ద పైపు దాకా వెళ్లే నిలువు పైపులు నాలుగూ కోసి మళ్లీ చేశారు.

మ్యాపింగ్, అంటే గుర్తుకి కాంపోనెంట్ జత చేయడం, సాఫ్ట్‌వేర్ చేసిందన్న ఆ మాటతోనే నా గొడవ. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. స్కీమాటిక్ గుర్తులకు మోడల్ కాంపోనెంట్లు జత చేసే పనిని మా ఊళ్లో గుమాస్తా పనిగా చూస్తున్నారు. రాత్రి తొమ్మిదింటికి కొత్తగా చేరిన పిల్లకి అప్పజెప్పి, తెల్లారేసరికి టేబుల్ నిండిందా లేదా అని మాత్రమే అడుగుతున్నారు. అది గుమాస్తా పని కాదు, ఇంజినీరింగు నిర్ణయం. ఒక్కో వరస నింపిన ప్రతిసారీ ఎవరో ఒక వాల్వుని ఎంచుకుంటున్నారు. ఎంచుకుంటున్నామన్న సంగతి కూడా తెలియకుండా ఎంచుకుంటున్నారు.

ఈ రంగంలో లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కీమాటిక్ అంటే పైపుల వ్యవస్థ ఏం చేయాలో చెప్పే బొమ్మ. మందుల ఫ్యాక్టరీల్లో దాన్నే ఇంకా వివరంగా గీసి పీ అండ్ ఐడీ అంటారు. దానికి స్కేలు ఉండదు. పైపు ఎక్కడ వంగుతుందో, ఏ అంతస్తు ఎత్తులో పోతుందో అందులో ఉండదు. రివిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కట్టే మోడల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో ప్రతి వస్తువుకీ పొడవు, వెడల్పు, ఎత్తు, నీళ్లు లోపలికొచ్చే కన్నం, బయటికెళ్లే కన్నం ఉండి తీరాలి. రివిట్‌లో ఇలాంటి వస్తువు అచ్చుని ఫ్యామిలీ అంటారు. "అక్కా, మూడించుల ఫ్యామిలీ దొరకట్లేదు" అని మా ఆఫీసులో ఎవరైనా అరిస్తే కొత్తవాళ్లు కంగారు పడతారు.

ఈ రెండింటికీ పెళ్లి చేసే టూల్స్ ఉన్నాయి. రివిట్‌కి పీ అండ్ ఐడీ మోడలర్ అని ఒకటుంది. ఆటోక్యాడ్ ప్లాంట్ 3డీలో గీసిన పీ అండ్ ఐడీని తీసుకుని, అందులోని ఐటమ్‌లకు రివిట్ ఫ్యామిలీలు జత చేయమంటుంది. ప్లాంట్ 3డీలో గీసిన డ్రాయింగుకి తెలివి ఉంటుంది: వాల్వు బొమ్మ వెనకాల దాని రకం, ట్యాగు, లైను నంబరు అన్నీ డేటాబేస్‌లో కూర్చుని ఉంటాయి. భవనాల పనుల్లో మాకొచ్చేవి మాత్రం చాలావరకు మామూలు ఆటోక్యాడ్ ఫైళ్లు. ఇంకా ఖర్మ కాలితే పీడీఎఫ్‌లు. ఆటోక్యాడ్ ఫైల్లో గుర్తు అన్నది ఒక బ్లాకు, అంటే కట్టగట్టిన కొన్ని గీతలు, అంతే. దాని పేరు గేట్ వాల్వు అని ఉంటే ఆ రోజు లేచిన వేళ మంచిదన్నమాట. ఎవరో ఎక్కడినుంచో కాపీ కొట్టి బ్లాకుగా పేస్టు చేస్తే సాఫ్ట్‌వేరే "ఏ డాలర్ సీ" అని మొదలెట్టి ఒక చాంతాడంత అంకెల పేరు పెడుతుంది. అలాంటి పేరుతో ఉన్నది వాల్వో, పంపో, బాత్రూములో కమోడో తెరిచి చూస్తే గాని తెలీదు.

ఇక గుర్తుల సంగతి. వాల్వు గుర్తు ఎలా ఉంటుందంటే, రెండు త్రికోణాలు మొనలు ఆనించుకుని నిలబడి ఉంటాయి. ఇంగ్లీషువాళ్లు దాన్ని బో టై అంటారు. మనకి అది అచ్చం శివుడి చేతిలో డమరుకం. ఉత్త డమరుకం గేట్ వాల్వు కావచ్చు, లేదా రకం చెప్పని ఏదో ఒక వాల్వు కావచ్చు. మధ్యలో నల్ల చుక్క పెడితే గ్లోబ్ వాల్వు. ఖాళీ సున్నా పెడితే బాల్ వాల్వు. 'ప' కింద చిన్న గీత పెడితే 'ఫ' అయినట్టు, తేడా అంతా ఆ చుక్కలోనే ఉంది. మరి డమరుకం మొత్తం నల్లగా నింపేస్తే? అది వాల్వు రకం కాదు, వాల్వు స్థితి. మామూలుగా మూసి ఉంచాల్సిన వాల్వు అని అర్థం. బైపాస్ లైన్ల మీద కనిపిస్తుంది.

ఇక్కడ ఒకసారి పడబోయి తప్పించుకున్నాం. కొండాపూర్‌లో ఒక ఆసుపత్రి పనికి స్కాన్ చేసిన పీడీఎఫ్ వచ్చింది. స్కాన్‌లో సిరా అలుక్కుపోయి కొన్నిచోట్ల చుక్క ఏదో, నింపినది ఏదో తెలియడం లేదు. మా టీములో అబ్బాయి నల్లగా కనిపించిన ప్రతిదాన్నీ గ్లోబ్ వాల్వు అని మ్యాప్ చేశాడు. పరిమాణాల పట్టికలో గ్లోబ్ వాల్వులు పదకొండు వచ్చాయి. ఆ సిస్టమ్‌లో గ్లోబ్ వాల్వుకి పనున్న చోట్లు మూడే అని నాకు తెలుసు కాబట్టి అనుమానం వచ్చింది. తెలియకపోతే? మిగతా ఎనిమిదీ కొనేవాళ్లు. వాల్వుల పొడవులు చెప్పే ప్రమాణం ఏఎస్‌ఎంఈ బీ16.10 ప్రకారం క్లాస్ 150 (ఎంత ఒత్తిడి తట్టుకోవాలో చెప్పే తరగతి)లో ఎనిమిదించుల, అంటే 200 ఎంఎం, గేట్ వాల్వు పొడవు 292 ఎంఎం, గ్లోబ్ వాల్వుది 495. ఒక్కోచోట 203 ఎంఎం తేడా. ప్లాంటు రూములో 203 ఎంఎం అంటే ఒక మనిషి పక్కకి తిరిగి దూరే సందు.

ప్రమాణాలు లేవా అంటే ఉన్నాయి. ఇన్‌స్ట్రుమెంట్ల గుర్తులకి ఐఎస్‌ఏ 5.1 ఉంది, దాని తొలి రూపం 1949 నాటిది. ప్రాసెస్ ప్లాంట్ల ఫ్లో డయాగ్రాములకి ఐఎస్‌ఓ 10628 ఉంది, 2012లో వెలువడిన దాని రెండో భాగం మొత్తం గుర్తుల గురించే. కానీ భవనాల పనుల్లో రాజ్యమేలేది మొదటి షీటు మీదుండే లెజెండ్, అంటే ఏ గుర్తుకి ఏం అర్థమో చెప్పే పట్టిక. ఆ లెజెండ్ తరచుగా పాత ప్రాజెక్టుది. అందులో ఉన్న గుర్తులు సగం డ్రాయింగులో ఉండవు, డ్రాయింగులో ఉన్నవి కొన్ని అందులో ఉండవు.

గుర్తు సరిగ్గా చదివాక కూడా అసలు సమస్య అలాగే ఉంటుంది. గుర్తు చెప్పేది పని. కాంపోనెంట్ అంటే వస్తువు. "ఇక్కడ నీళ్లు ఆపాలి" అన్నది పని. ఆ పనికి 50 ఎంఎం పైపు మీద మరలు ఉన్న బాల్ వాల్వు వాడతారు, 200 ఎంఎం పైపు మీద బటర్‌ఫ్లై వాడతారు, ఫైర్ లైన్ అయితే తెరిచి ఉందో మూసి ఉందో దూరం నుంచే కనిపించే రకం అడుగుతారు. కానీ స్కీమాటిక్ రకం చెప్పకుండా వదిలేస్తే మూడు చోట్లా గుర్తు ఒకటే డమరుకం. మ్యాపింగ్ టేబుల్లో ఎడమ పక్క ఒక డమరుకం, కుడి పక్క ఒక ఫ్యామిలీ అని రాసి ఊరుకుంటే, ఈ మూడింటిలో రెండు తప్పవుతాయి. అందుకే నా వాదన ఏంటంటే, గుర్తొక్కటే తాళంచెవి కాకూడదు. గుర్తు, సైజు, లైను క్లాసు (ఆ పైపు ఏ సరుకుతో, ఎంత ఒత్తిడికి అన్న తరగతి), ఏ సిస్టమ్, ఈ నాలుగూ కలిస్తేనే ఒక కాంపోనెంట్ తేలుతుంది.

ఈ విషయంలో ఐఎఫ్‌సీ రాసినవాళ్లు మనకన్నా తెలివిగా ఆలోచించారని నాకనిపిస్తుంది. మోడళ్లు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపుకోవడానికి వాడే ఫార్మాట్ అది, ఐఎస్‌ఓ 16739. అందులో వాల్వుల రకాల జాబితా చూడండి: ఐసొలేటింగ్, రెగ్యులేటింగ్, చెక్, మిక్సింగ్, ప్రెషర్ రెడ్యూసింగ్, స్టీమ్ ట్రాప్. గేట్ అనే మాట లేదు, బటర్‌ఫ్లై లేదు. అవి పనుల పేర్లు. అంటే స్కీమాటిక్ గుర్తుని ముందు ఇలాంటి పనికి జత చేసి, ఆ పని నుంచి సైజు, క్లాసు చూసుకుని వస్తువుకి వెళ్లొచ్చు. రెండడుగుల ప్రయాణం. మేమంతా ఒకే గెంతులో దూకి కాళ్లు విరగ్గొట్టుకుంటున్నాం.

ఎన్‌ఆర్‌వీ ఇంకా చిత్రం. గుర్తు ఒకటే, వెనక్కి నీళ్లు రాకూడదని. వస్తువులు మాత్రం ఒకే రెక్క తలుపులా ఊగే స్వింగ్ రకం, డ్యూయల్ ప్లేట్ రకం, ఇంకా బోలెడు. ఎనిమిదించుల్లో స్వింగ్ చెక్ పొడవు 495 ఎంఎం, డ్యూయల్ ప్లేట్ వేఫర్ 127 ఎంఎం. మోడల్లో ఒకటి పెట్టి సైటుకి ఇంకోటి వస్తే అడుగు పైన తేడా. పైగా స్వింగ్ రకం నిలువు పైపు మీద పెడితే నీళ్లు పైకి పోతున్నప్పుడే పనిచేస్తుంది, కిందకి పోయే పైపులో రెక్క దాని బరువుకే తెరుచుకుని వేలాడుతుంది. ఫ్యామిలీ తయారుచేసినవాళ్లు రెండు కన్నాల్నీ ఎటైనా ప్రవహించొచ్చని పెట్టి వదిలేస్తే, ఆ ఎన్‌ఆర్‌వీని తిరగేసి పెట్టినా రివిట్ కిమ్మనదు. బాణం గుర్తు స్కీమాటిక్‌లో ఉంది, వాల్వు బాడీ మీద పోత పోసి ఉంది, మధ్యలో ఉన్న మోడల్లో మాత్రం మాయమైంది.

దీనికి తిరగేసిన లెక్క కూడా ఉంది, రెండు గుర్తులు కలిసి ఒకే వస్తువు కావడం. ఏహెచ్‌యూ, అంటే చల్లగాలి పంపే యంత్రం, దగ్గర కంట్రోల్ వాల్వు గుర్తు, పక్కనే బ్యాలెన్సింగ్ వాల్వు గుర్తు, చుట్టూ చుక్కల గీతతో డబ్బా. ఆ చుక్కల డబ్బాకి అర్థం, రెండూ ఒకే బాడీలో వస్తాయి, పీఐసీవీ అని. డబ్బాని పట్టించుకోకుండా గుర్తుకొకటి చొప్పున మ్యాప్ చేస్తే లేని వాల్వులు పట్టికలో పుట్టుకొస్తాయి. అసలు వస్తువే లేని గుర్తులూ ఉన్నాయి. ఇన్‌స్ట్రుమెంట్ వృత్తం మధ్యలో గీత లేకపోతే అది పైపు దగ్గరే ఉండే పరికరం. గీత ఉంటే కంట్రోల్ రూములో ఆపరేటరుకి కనబడేది. మా దగ్గర ఒకరు ఆ గీత ఉన్న వృత్తాలకి కూడా పైపు మీద గేజీలు పెట్టేశారు. ఇంకోపక్క ఎల్బోలు, యూనియన్లు, సపోర్టులు ఉన్నాయి, స్కీమాటిక్‌లో పేరు కూడా లేకుండా మోడల్ నిండా ఉండేవి ఇవే. వీటి గురించి ఇంకోసారెప్పుడైనా.

మా పెదనాన్న ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఫిట్టరు. 1961లో ఏర్పడ్డ ఆ సంస్థ బాలానగర్ ప్లాంటు హైదరాబాదులో ఎంతమందికి మందుల పరిశ్రమ నేర్పిందో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. నేను ఇంజినీరింగు చదివేటప్పుడు మా ఇంట్లో నా డ్రాయింగు ఒకటి చూసి, ఆయన వేలు పంపు మీద పెట్టాడు. "నువ్వు నీళ్లు. ఇప్పుడు నడువు" అన్నాడు. వాల్వు దగ్గరికి రాగానే ఆగి, "ఇక్కడ ఎవరు ఆపుతున్నారు నిన్ను? ఎందుకు ఆపుతున్నారు?" అని అడిగాడు. చెప్పలేకపోయాను. ఆయన ఆటోక్యాడ్ ముట్టుకున్న మనిషి కాదు.

జీడిమెట్ల, పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాక్టరీల డ్రాయింగుల్లో ఆ క్రమశిక్షణ ఇంకా కనబడుతుంది. లైను నంబరు చూస్తే చాలు: సైజు, లోపల ఏం పోతోంది, వరస సంఖ్య, పైపు క్లాసు, ఇన్సులేషన్ ఉందా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ క్లాసు పట్టుకుని స్పెసిఫికేషన్ తెరిస్తే ఏ సైజుకి ఏ వాల్వో రాసి ఉంటుంది. అక్కడ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కి వదిలేసినా పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే నిర్ణయం ముందే అయిపోయింది. ఆఫీసు టవర్ల డ్రాయింగులో "200 డయా సీహెచ్‌డబ్ల్యూఎస్" అని రాసి వదిలేస్తారు. చల్లటి నీళ్లు, సప్లై లైను, అంతే. నిర్ణయం మన నెత్తిన పడిందని మనకి ఎవరూ చెప్పరు.

మా మేనేజరుగారితో ఈ విషయం మీద చాలాసార్లు వాదన పెట్టుకున్నాను. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. "మనకిచ్చింది ఎల్‌ఓడీ 300. కాంట్రాక్టరు కొనేటప్పుడు ఎలాగూ మారుస్తాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అంటారు. ఎల్‌ఓడీ అంటే మోడల్లో వివరం ఏ స్థాయిలో ఉండాలన్న లెక్క. గంటల లెక్కన బిల్లు కట్టే పనిలో ప్రతి వాల్వుకీ ఆగి ఆలోచిస్తే గిట్టదన్నది నిజమే. అమెరికా క్లయింట్లకి పొద్దున్నయ్యేసరికి మోడల్ అప్‌లోడ్ కావాలి, ఆ టెన్షన్ నాకు తెలీంది కాదు.

నా జవాబు ఒకటే. సరే, తేల్చడానికి టైము లేదు. అలాంటప్పుడు తేలలేదని మోడల్లోనే కనబడనివ్వండి. ఫలానా కంపెనీ కేటలాగులోంచి దించిన ఫ్యామిలీ ఎందుకు పెడుతున్నారు? నిగనిగలాడే నీలం రంగు, బోల్టులతో సహా, మోడల్ నంబరుతో సహా ఉన్న ఆ బొమ్మని చూసి సైటులో వాళ్లు ఎవరో ఆలోచించే పెట్టారనుకుంటారు. దాని బదులు ఒక మొద్దు డబ్బా పెట్టండి. ఆ పనికి ఆ సైజులో రాగల వాల్వులన్నిటిలోకీ పొడవైనదాని పొడవు దానికివ్వండి. టైపు పేరు "ఇంకా తేలలేదు" అని పెట్టండి, ఎర్ర రంగు వేయండి. అందంగా ఉండదు. క్లయింటుకి చూపించే వాక్‌త్రూలో ప్లాంటు రూము పొక్కులు పోసినట్టుంటుంది. పరవాలేదు. నానక్‌రామ్‌గూడ పంపుల దగ్గర ఎన్‌ఆర్‌వీ స్థానంలో 495 ఎంఎం ఎర్ర డబ్బా ఉండి ఉంటే, చోటు చాలదన్న గోల డ్రాయింగు దశలోనే మొదలయ్యేది. ఏ రకం వాల్వో తేల్చుకోవడానికి ఎవరో ఒకరు కేటలాగు తెరిచేవాళ్లు. తెరిచినవాళ్లు ఆ చిన్న అక్షరాలు చదివేవాళ్లేమో.

మేనేజరుగారు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. ఎర్ర రంగు వద్దన్నారు, బూడిద రంగుకి దిగొచ్చాం. ఎర్ర డబ్బాలు నా ప్రాజెక్టుల్లో మాత్రం నడుస్తున్నాయి.

నేను మొదలుపెట్టిన ఇంకో అలవాటు ఆఫీసులో చాలామందికి వింతగా ఉంది. కొత్తగా చేరినవాళ్లని ఒక శనివారం రాణిగంజ్ తీసుకెళ్తాను. సికింద్రాబాదు వైపు తెలియనివాళ్లకి చెప్పాలంటే, పైపులు, వాల్వులు, ఫ్లాంజీలు, గ్యాస్కెట్లు దొరికే దుకాణాల బజారు అది. అమీర్‌పేటలో రివిట్ కోర్సు చేసి వచ్చిన పిల్లలు మౌసుతో వందల వాల్వులు పెట్టి ఉంటారు, ఒక్కటీ చేత్తో పట్టుకుని ఉండరు. మొన్న వచ్చిన అమ్మాయి స్వింగ్ చెక్ వాల్వు నోట్లో చెయ్యి పెట్టి రెక్కని వెనక్కి తోసింది. వదలగానే దబ్బున పడింది. మళ్లీ తోసింది. దుకాణదారు, "బేటీ, వేలు జాగ్రత్త" అన్నాడు. ఎనిమిదించుల గేట్ వాల్వుని కదపబోయి, కదలక, నా వైపు చూసి, "అక్కా, మనం దీనికి సపోర్టు పెట్టామా మోడల్లో?" అని అడిగింది. పెట్టలేదు. సోమవారం పెట్టాం.

ఆ అమ్మాయి పక్కనే ఉన్న ఒక బటర్‌ఫ్లై వాల్వు తీసుకుని తెరిచి మూసి చూసింది. పళ్లెం బయటికొచ్చిన చోట బెత్త పెట్టి కొలిచింది. నేను ఏమీ చెప్పలేదు.

ఈమధ్య పీడీఎఫ్‌లోని గుర్తుల్ని తనంతట తనే గుర్తుపట్టి ఫ్యామిలీ సూచించే టూల్స్ వస్తున్నాయి. ఒకటి వాడి చూశాం. గుర్తుపట్టడం బాగానే చేస్తోంది, అలుక్కుపోయిన చుక్కని కూడా మా టీములో అబ్బాయి కన్నా మెరుగ్గా చదివింది. కానీ బొమ్మని గుర్తుపట్టడం దగ్గర మాకు ఎప్పుడూ అంత పెద్ద ఇబ్బంది లేదు. డమరుకం అని మాకూ కనబడుతూనే ఉంది. అది చెప్పనిది ఏంటన్నదే మా తలనొప్పి. ఆ టూల్ నింపిచ్చిన టేబుల్లో ఖాళీ గడి ఒక్కటీ లేదు, నాకు భయం వేసింది అందుకే.

ఇప్పుడు మా టేబుల్లో గుర్తు, ఫ్యామిలీ అనే రెండు గడుల మధ్య ఇంకో నాలుగు వచ్చాయి: పని, సైజు ఎక్కడినుంచి ఎక్కడిదాకా, లైను క్లాసు, పక్కన ఏది ఉండకూడదు. ఆఖరిది నానక్‌రామ్‌గూడ జ్ఞాపకార్థం. కుడి చివర "ఎవరు చెప్పారు" అని ఒకటుంది. అందులో స్పెసిఫికేషన్ పేజీ నంబరు గాని, కన్సల్టెంటు ఈమెయిల్ తేదీ గాని రాయాలి. "మ్యాపింగ్" అనో "సాఫ్ట్‌వేర్" అనో రాస్తే వెనక్కి పంపిస్తాను.

పోయిన వారం ఒక డ్రాయింగులో కొత్త గుర్తు కనబడింది. డమరుకమే, కానీ ఒక పక్క త్రికోణం నల్లగా, ఇంకో పక్కది ఖాళీగా ఉంది, పైన టోపీ లాంటి అర్ధచంద్రం. కంట్రోల్ వాల్వు డయాఫ్రమ్‌లా ఉంది పైది, కింద సగం నలుపు ఏంటో అర్థం కాలేదు. లెజెండ్‌లో లేదు. రాణిగంజ్ వచ్చిన ఆ అమ్మాయే కన్సల్టెంటుకి ప్రశ్న రాసింది: "ఈ గుర్తు లెజెండ్ షీటులో లేదు, దయచేసి ఏ వాల్వో తెలపండి." నాలుగో రోజు జవాబొచ్చింది, ఒకే ఒక్క వాక్యం: "లెజెండ్ షీటు చూడగలరు."

ఆరో అంతస్తు షాఫ్టులో ఆ చోట ప్రస్తుతం ఎర్ర డబ్బా ఉంది.